వలస వెళ్లినవారి ఆచూకీ: జనన, వివాహ రికార్డుల సాక్ష్యం

1860 నవంబరు 16వ తేదీన 'ట్రూరో' అనే ఓడ దక్షిణాఫ్రికాలోని డర్బన్ రేవు చేరినది. చెన్నపట్నంలో బయలుదేరిన ఆ ఓడలో 342 మంది భారతీయులున్నారు. పది రోజుల తరువాత కలకత్తా నుండి 'బెల్వెడీర్' అనే ఓడ వచ్చినది. అది మొదలు 1911లో ఈ వలస నిలిచిపోయే వరకు 1,52,184 మంది కూలి ఒడంబడికపై నేటాల్ చెరకు తోటలకు, బొగ్గు గనులకు, రైలు మార్గాలకు తరలింపబడినారు. వీరిలో ఇంచుమించు మూడింట రెండు వంతుల మంది చెన్నపట్నం రేవున ఓడ ఎక్కినవారే. గంజాం, విశాఖపట్నం, గోదావరి, కృష్ణా, నెల్లూరు, ఉత్తర ఆర్కాడు జిల్లాల తెలుగువారు వారిలో పెక్కుమంది.

వెళ్లినవారి మాట ఊళ్లో కొంతకాలం నిలిచినది. చదువు రానివారు కనుక ఉత్తరాలు అరుదు. వచ్చిన ఒకటి రెండు ఉత్తరాలు కూడా ఇంకొకరి చేత వ్రాయించినవి. ఆ తరం గడచిపోయిన తరువాత 'మా తాతగారి తమ్ముడు సముద్రం దాటి వెళ్లాడట' అన్న ఒక్క వాక్యం మాత్రం మిగిలినది. అవతలి తీరాన కూడా అంతే. 'మా ముత్తాత చెన్నపట్నం నుండి వచ్చాడు' అని అక్కడి మునిమనుమలు చెప్పుకొన్నారు. నిజానికి చెన్నపట్నం ఆయన ఊరు కాదు. ఆయన ఓడ ఎక్కిన రేవు మాత్రమే. దక్షిణాఫ్రికా విషయంలో మరొక అడ్డంకి కూడా వచ్చిపడినది. అక్కడి వర్ణవివక్షకు నిరసనగా భారతదేశం 1946లో ఆ దేశంతో వర్తక సంబంధాలను తెంచుకొన్నది. పూర్తి దౌత్య సంబంధాలు తిరిగి నెలకొన్నది 1993లో. మధ్య నున్న ఆ నాలుగున్నర దశాబ్దాలలో మిగిలిన రాకపోకలు కూడా సన్నగిల్లినవి.

ఈ తెగిన పోగులను తిరిగి ముడివేయడానికి నేడు ఆధారమైనవి రెండు రకాల కాగితాలు. ఒకటి, వలసదారు ఓడ ఎక్కేనాడు వ్రాసినది. రెండవది, అతనికి అక్కడ బిడ్డ పుట్టిననాడు, పెళ్లి అయిననాడు, మరణించిననాడు వ్రాసినది. మొదటి దానిలో ఊరి పేరు ఉన్నది; రెండవ దానిలో సంతతి ఉన్నది. ఈ రెంటినీ కలిపే లంకె దొరికినప్పుడే వెదుకులాట ఫలిస్తుంది.

గిర్మిట్ కాగితం

మారిషస్‌కు మొదటి ఒడంబడిక కూలీలను తెచ్చిన 'అట్లాస్' ఓడ 1834 నవంబరు 2న అక్కడకు చేరినది. 1838లో బ్రిటిష్ గయానాకు, 1845లో ట్రినిడాడ్‌కు, 1873లో డచ్చివారి సురినామ్‌కు, 1879లో ఫిజీకి ఇట్లే ఓడలు వెళ్లినవి. ఒక్క మారిషస్‌కే నాలుగున్నర లక్షల మంది వెళ్లినట్లు లెక్క. బానిసత్వం రద్దయిన తరువాత చెరకు తోటల యజమానులకు చౌక శ్రమ అవసరమైనది. మన దేశంలో కరువులు, అప్పులు, భూమి లేమి, చేనేత క్షీణత ఆ శ్రమను సరఫరా చేసినవి. 1832-33 నాటి నందన కరువు, 1876-78 నాటి ధాత కరువు తెలుగు జిల్లాల నుండి ఎందరినో రేవులకు నెట్టినవి.

కూలీ వ్రేలిముద్ర వేసిన ఒడంబడిక పత్రాన్ని ఆంగ్లంలో 'అగ్రిమెంట్' అన్నారు. భోజ్‌పురీ, అవధీ మాట్లాడేవారి నోట అది 'గిర్మిట్' అయినది. ఆ పత్రానికి కట్టుబడినవాడు 'గిర్మిటియా'. పరాయిభాషలో తనను బంధించిన మాటనే తన మాటగా మలచుకొని, దానితోనే తన జాతికి పేరు పెట్టుకొన్న తీరు భాషాచరిత్రలో విచిత్రమైన ఘట్టమని చెప్పవచ్చు. గాంధీజీ దక్షిణాఫ్రికా సత్యాగ్రహ చరిత్రను వ్రాస్తూ ఈ మాటను పాఠకులకు వివరించినారు.

వలసదారుని రేవులోని డిపోలో కొన్నాళ్లు ఉంచేవారు. వైద్యుడు పరీక్షించేవాడు. వలసల సంరక్షకుడు అనే అధికారి ఎదుట ఒక ఫారం నింపబడేది. దానిలో ఓడ పేరు, డిపో సంఖ్య, వలసదారు పేరు, తండ్రి పేరు, వయస్సు, కులం, జిల్లా, ఠాణా లేక తాలూకా, గ్రామం, ఎత్తు, దేహంపై గుర్తులు ఉండేవి. వివాహితులైతే భార్య లేక భర్త పేరు, ఊరిలో మిగిలిన సమీప బంధువు పేరు వ్రాయడానికి కూడా గడులు ఉండేవి. నేటి పరిశోధకునికి ఈ చివరి గడి పెన్నిధి. ఊరిలో మిగిలిపోయిన అన్న పేరో, తమ్ముని పేరో అక్కడ ఉంటే, ఆ ఊరికి వెళ్లి ఎవరి ఇల్లు అడగాలో తెలుస్తుంది.

ఈ కాగితాలలో గణనీయమైన భాగం నిలిచి ఉన్నది. ఫిజీకి చెందినవి సువాలోని జాతీయ పత్రాగారంలో ఉన్నవి. 1879-1916 మధ్య ఆ దేశం చేరినవారు 60,553 మంది. వారిలో 45,439 మంది కలకత్తా నుండి, 1903 తరువాత 15,114 మంది చెన్నపట్నం నుండి వచ్చినవారు. కలకత్తా నుండి వచ్చినవారి పాసులన్నింటినీ విశ్లేషించి చరిత్రకారుడు బ్రిజ్ లాల్ వెలువరించిన గ్రంథం 1983లో వచ్చినది. గిర్మిటియాలు ఏ జిల్లా నుండి, ఏ కులం నుండి వచ్చినారన్న విషయమై అంతవరకు ఊహలుగా ఉన్నవి ఆ గ్రంథంతో లెక్కలుగా మారినవి. మారిషస్ రిజిస్టర్లు మోకాలోని మహాత్మా గాంధీ సంస్థలో ఉన్నవి. 1860ల నుండి తీసిన కూలీల ఛాయాచిత్రాలు కూడా అక్కడ ఉన్నవి. తన ముత్తాత ముఖాన్ని మొదటిసారి ఆ ఫొటోలో చూచిన కుటుంబాలు ఆ ద్వీపంలో ఎన్నో. నేటాల్ ఓడల జాబితాలు డర్బన్ పత్రాగారంలో భద్రపడినవి. వాటిని కంప్యూటరులోకి ఎక్కించడం కూడా జరిగినది. సురినామ్ కూలీల వివరాలు నెదర్లాండ్స్, సురినామ్ దేశాల జాతీయ పత్రాగారాల ద్వారా అందరికీ అందుబాటులోకి వచ్చినవి. ఫిజీ, గయానా, సురినామ్, ట్రినిడాడ్ దేశాల వలస రికార్డులను యునెస్కో 2011లో తన ప్రపంచ స్మృతి పట్టికలో చేర్చినది.

వెనుకకు నడిచే దారి

ఇన్ని పుస్తకాలున్నప్పుడు వాటిలో పేరు వెదికితే చాలదా అని పాఠకులకు తోచవచ్చు. చాలదు. నేటాల్ జాబితాలో వెంకటస్వామి అనే పేరు గలవారు ఒకరిద్దరు కారు. వారిలో ఎవరు మన వెంకటస్వామి అన్నది పేరు చెప్పదు, సంఖ్య చెబుతుంది. వలసదారుకు కేటాయించిన సంఖ్య అతని నీడ వలె జీవితాంతం వెంట ఉండేది. అతని తోట మారినా, యజమాని మారినా, పేరు వ్రాసే తీరు మారినా ఆ సంఖ్య మారేది కాదు. మనిషిని అంకెగా మార్చిన ఆ వ్యవస్థ క్రూరమైనదే. అయితే ఆ అంకె లేకుంటే నేడు అతని మనుమలకు అతని ఊరు తెలిసే ఉపాయం లేదు.

కాబట్టి వెదుకులాట నేటి నుండి వెనుకకు నడవాలి. మారిషస్‌లోని ఒక తెలుగు కుటుంబాన్ని ఉదాహరణగా తీసుకొందాం. ఇంటిలోని పెద్దాయన తన జనన పత్రంతో మొదలుపెట్టాలి. దానిలో తల్లిదండ్రుల పేర్లు ఉంటవి. ఆ పేర్లతో వారి వివాహ పత్రం, దాని నుండి తాత, అవ్వల పేర్లు, తరువాత తండ్రి జనన పత్రం — ఇట్లా ఒక్కొక్క మెట్టు దిగుతూ పోవాలి. ఫ్రెంచివారి ఏలుబడి నుండి ఆ ద్వీపంలో పౌర రిజిస్టర్లు వ్రాసే పద్ధతి ఉన్నది. ఆంగ్లేయులు వచ్చిన తరువాత కూడా అది కొనసాగినది. బిడ్డ పుట్టినట్లు చెప్పడానికి కూలీ అధికారి వద్దకు వచ్చినప్పుడు ఆ గుమాస్తా అతని పేరు ప్రక్కనే వలస సంఖ్యను కూడా వ్రాసేవాడు. ఆ సంఖ్య కనిపించిన పత్రం దగ్గర మెట్లు దిగడం ముగుస్తుంది. ఆ సంఖ్యతో మోకాలోని సంస్థకు వెళితే ఓడ పేరు, వచ్చిన తేదీ, మన దేశంలోని జిల్లా, ఊరు తెలియవచ్చును.

ఒక్క మెట్టు జారినా దారి మరొక కుటుంబంలోకి పోతుంది. అందుచేత అనుభవజ్ఞులు ఒక పత్రంతో తృప్తిపడరు. అదే దంపతుల ఇతర బిడ్డల జనన పత్రాలను కూడా తీయిస్తారు. పెద్దబిడ్డ పత్రంలో లేని సంఖ్య నాలుగవ బిడ్డ పత్రంలో దొరకవచ్చు. తల్లి పేరు ఒకచోట సగమే ఉంటే మరొకచోట పూర్తిగా ఉండవచ్చు. పెళ్లికి సాక్షులుగా సంతకం చేసినవారి పేర్లను కూడా విడిచిపెట్టరాదు. ఒకే ఓడలో వచ్చినవారు ఒకరినొకరు 'జహాజీ భాయి' అని పిలుచుకొని తోబుట్టువుల వలె మెలగిన విషయం ప్రసిద్ధమే. సాక్షి ఏ ఓడలో వచ్చినాడో తెలిస్తే వరుడు కూడా అదే ఓడలో వచ్చినాడేమోనని చూడవచ్చు.

దక్షిణాఫ్రికాలో మరణానంతరం దాఖలు చేసే ప్రకటనలు జనన పత్రాలకన్న ఎక్కువ ఉపకరిస్తవి. ఆస్తి పంపకానికి సంబంధించిన ఆ కాగితంలో మృతుని తల్లిదండ్రుల పేర్లు, పుట్టిన చోటు, భార్య పేరు, బతికి ఉన్న బిడ్డల పేర్లు అన్నీ ఒకేచోట ఉంటవి. అయితే ఆస్తి అంటూ ఉన్నవారికే ఆ కాగితం. ఏమీ లేక పోయినవానికి మరణం కూడా ఒక పంక్తి మాత్రమే.

పెళ్లి జరిగినది, పత్రం లేదు

ఈ అన్వేషణలో అన్నింటికంటె ఎక్కువ చిక్కు తెచ్చిపెట్టేది వివాహం. గిర్మిటియాల పెళ్లిళ్లు పందిరి క్రింద, పురోహితుడో కులపెద్దో చేయగా, పదిమంది ఎదుట జరిగినవి. వలస ప్రభుత్వాల దృష్టిలో వాటికి విలువ లేదు. రిజిస్టరు చేయించుకొంటేనే పెళ్లి. రిజిస్టరు చేయించుకోవడానికి తోట విడిచి వెళ్లాలి, ఒకనాటి కూలి పోవాలి, రుసుము కట్టాలి, అన్నింటికి మించి, దేవుని ఎదుట ఒకసారి జరిగిన పెళ్లిని గుమాస్తా ఎదుట మరల జరుపుకోవడం ఎందుకో వారికి బోధపడలేదు.

ట్రినిడాడ్‌లో ముస్లిం వివాహాలకు 1930ల మధ్యలో గాని, హిందూ వివాహాలకు 1945లో గాని చట్టసమ్మతి లభించలేదు. మొదటి ఓడ వచ్చిన తరువాత సరిగ్గా నూరేళ్లకు! ఆ నూరేళ్లలో రిజిస్టరు కాని దంపతులకు పుట్టిన బిడ్డలు చట్టం కళ్లకు అక్రమ సంతానం. జనన పత్రంలో తండ్రి పేరు ఉండవలసిన గడి ఖాళీగా ఉండేది. బిడ్డకు తల్లి పేరే ఇంటిపేరుగా వ్రాయబడేది. తండ్రి ఆస్తిపై ఆ బిడ్డకు హక్కు నిరూపించుకోవడం కష్టమయ్యేది. మారిషస్‌లో కూడా ధర్మశాస్త్రం ప్రకారం జరిగిన పెళ్లికి పౌర చట్టం దృష్టిలో చిరకాలం విలువ లేకపోయినందున ఇటువంటి స్థితియే ఏర్పడినది.

నేడు ఆ ఖాళీ గడిని చూచి మునిమనుమలు కలవరపడుతుంటారు. తమ వంశంలో ఏదో దాచిన సంగతి ఉన్నదని శంకిస్తారు. నిజానికి ఆ గడి ఖాళీగా ఉండడం ఆ దంపతుల శీలానికి సంబంధించినది కాదు. ఆ నాటి చట్టానికి సంబంధించినది. ఇక్కడ ఒక మేలు కూడా జరిగినది. తండ్రి పేరు లేనిచోట తల్లి పేరు, ఆమె వలస సంఖ్య స్పష్టంగా నమోదైనవి. మన ఇళ్లలో వంశవృక్షం వ్రాస్తే ఆడవారి పేర్లు ఎక్కడా ఉండవు. ఈ రిజిస్టర్లలో తల్లి వైపు దారి తండ్రి వైపు దారికన్న నిక్కచ్చిగా ఉండడం తరచుగా కనిపిస్తుంది. వలస నియమాల ప్రకారం నూరుగురు పురుషులకు నలభై మంది స్త్రీలు ఓడలో ఉండాలి. కలకత్తా నుండి ఫిజీకి వెళ్లిన స్త్రీలలో భర్త వెంట కాక విడిగా వెళ్లినవారే ఎక్కువ. వితంతువులు, విడిచిపెట్టబడినవారు, కరువులో దిక్కులేనివారు అందులో ఉన్నారు. వారి చరిత్ర మన ఊళ్లలో ఎవరూ చెప్పలేదు. ఆ రిజిస్టరు చెప్పినది.

దక్షిణాఫ్రికాలో ఈ వివాహ ప్రశ్న జాతీయోద్యమ చరిత్రలోనే స్థానం సంపాదించినది. 1913 మార్చిలో కేప్ సుప్రీం కోర్టు న్యాయమూర్తి సెర్ల్, క్రైస్తవ పద్ధతిలో జరగని, రిజిస్టరు కాని పెళ్లిళ్లు చెల్లవని తీర్పు చెప్పినారు. ఒక్క తీర్పుతో వేలాది భారతీయ గృహిణులు చట్టం ఎదుట భార్యలు కాకుండా పోయినారు. ఆ సంవత్సరపు సత్యాగ్రహంలో కస్తూర్బా మొదలుగా స్త్రీలు జైలుకు వెళ్లడానికి ఇది ముఖ్య కారణం. 1914 నాటి భారతీయుల ఉపశమన చట్టం ఏకపత్నీ వివాహాలను గుర్తించినది. మూడు పౌన్ల తలపన్నును కూడా రద్దు చేసినది. ఆ తరువాత ఎన్నో పాత వివాహాలు రిజిస్టరైనవి. కావున నేటాల్ వివాహ రిజిస్టరులో ఉన్న తేదీ పెళ్లి జరిగిన తేదీ కాకపోవచ్చు. పదిమంది బిడ్డలు పుట్టిన తరువాత కూడా తల్లిదండ్రుల పెళ్లి నమోదైన సందర్భాలు ఉండవచ్చును. తేదీలు పొంతన కుదరలేదని అటువంటి పత్రాన్ని పక్కన పెడితే అసలు దారి మూసుకొనిపోతుంది.

పేర్లు మారిన తీరు

తెలుగువారికి ఇంటిపేరు ముందు, పెట్టిన పేరు వెనుక. డిపోలోని ఫారంలో ఇంటిపేరుకు గడి లేదు. పేరు, తండ్రి పేరు — అంతే. ఆవలి తీరాన తండ్రి పేరే కొడుకుకు ఇంటిపేరైనది. ఆ విధంగా అప్పలస్వామి, అప్పాడు, సింహాద్రి, గురువులు, రామస్వామి వంటి వ్యక్తుల పేర్లు వంశనామాలుగా స్థిరపడినవి. అసలు ఇంటిపేరు ఏ ముసలమ్మ నోటనో నిలిచి ఉంటే ఉన్నట్లు, లేదా పోయినట్లే.

అయినా పేరులోనే ఒక సూచన ఉన్నది. అప్పన్న, అప్పలస్వామి, సింహాచలం, సింహాద్రి అనే పేర్లు సింహాచల క్షేత్రపు నీడలో, అనగా విశాఖపట్నం, విజయనగరం, శ్రీకాకుళం ప్రాంతాలలో విరివిగా పెట్టుకొనేవి. మారిషస్‌లోను, దక్షిణాఫ్రికాలోను ఇట్టి వంశనామాలు నేటికీ కనిపించడం ఆ వలస ఎటు నుండి సాగినదో చెప్పక చెబుతున్నది. ఇది రుజువు కాదు; వెదకవలసిన దిక్కును చూపే వేలు మాత్రమే. దీనికి విరుద్ధంగా, నేటాల్‌లో 'నాయుడు', 'రెడ్డి' అనే వాటిని నమ్మరాదు. ఓడ దిగిన తరువాత గౌరవార్థం ఆ బిరుదులను చేర్చుకొన్నవారు ఉన్నారు. 'నాయుడు' అన్నది తెలుగువారికే కాక తమిళులకు కూడా ఉన్నది.

వ్రాసిన గుమాస్తాల వలన కలిగిన మార్పులు మరొక రకం. చెన్నపట్నంలో తమిళ గుమాస్తా విని వ్రాస్తే వెంకటస్వామి 'వెంగటసామి' అయినాడు. డర్బన్‌లో ఆంగ్ల గుమాస్తా, పోర్ట్‌లూయీలో ఫ్రెంచి చదివిన గుమాస్తా దానినే తమ తమ చెవులకు వినిపించినట్లు వ్రాసుకొన్నారు. కనుక రిజిస్టరులో పేరు వెదికేవారు అక్షరాలను కాక ధ్వనిని వెదకాలి. పేరును పైకి చదివి, పల్లెటూరి పలుకుబడిలో అది ఏమై ఉండునో ఊహించాలి. ఈ పనిలో చదువుకొన్న పరిశోధకునికన్న ఆ ప్రాంతపు ముసలివారు ఎక్కువ నేర్పరులు.

ఊళ్ల పేర్లకు కూడా ఇదే గతి. శ్రీకాకుళం 'చికాకోల్' గాను, కాకినాడ 'కొకనాడ' గాను, ఏలూరు 'ఎల్లోర్' గాను, విజయవాడ 'బెజవాడ' గాను కనిపిస్తవి. అంతకుమించి జిల్లాల సరిహద్దులు మారినవి. ఆ రోజులలో చిత్తూరు ఊరు ఉత్తర ఆర్కాడు జిల్లాలోనిది; చిత్తూరు జిల్లా 1911లో ఏర్పడినది. గంజాం జిల్లా 1936లో ఒరిస్సాలో చేరినది. దానిలోని తెలుగు తాలూకాలలో కొన్ని విశాఖపట్నం జిల్లాలో ఉండిపోయి, 1950లో శ్రీకాకుళం జిల్లా ఏర్పడినప్పుడు దానిలో చేరినవి. పాసులో 'గంజాం' అని ఉన్నంత మాత్రాన నేటి ఒడిశాకు వెళ్లనక్కరలేదు. ఇక కొత్తపల్లి, కొత్తూరు, రామాపురం వంటి ఊళ్లు తాలూకాకు ఒకటో రెండో ఉంటవి. ఊరి పేరుకన్న ఠాణా లేక తాలూకా పేరును ముందుగా తేల్చుకోవడం మేలు.

కాగితం లేని వలసలు

బర్మాకు వెళ్లిన తెలుగువారి విషయం వేరు. కాకినాడ, విశాఖపట్నం, భీమునిపట్నం నుండి రంగూన్‌కు వెళ్లినవారు మేస్త్రీ వద్ద బయానా తీసుకొని వెళ్లినవారు. అక్కడ వారిని 'కోరంగీలు' అన్నారు. గోదావరి ముఖద్వారం వద్ద నున్న కోరంగి రేవు పేరు అట్లు జాతి పేరైనది. మలయాకు వెళ్లినవారిలో అధికులది కంగాణీ పద్ధతి. ఈ రెండింటిలోను నేటాల్, ఫిజీలకు వలె ఊరు, తండ్రి, బంధువు వివరాలతో కూడిన పాసు లేదు. 1942లో జపాను సేనలు బర్మాలో ప్రవేశించినప్పుడు లక్షలాది భారతీయులు కొండదారులలో కాలినడకన తిరిగి వచ్చినారు. దారిలో ఎందరో మరణించినారు. వారి పేర్ల జాబితా లేదు. ఎక్కువ నిర్బంధంలో ఉన్నవాని జాడ నేడు సులువుగా దొరుకుతున్నది. కొంత స్వేచ్ఛగా వెళ్లినవాని జాడ దొరకడం లేదు. బర్మా వలసదారుని బంధువులకు మిగిలిన ఆధారాలు మనియార్డరు రసీదులు, గ్రూపు ఫొటోలు, ఊళ్లో ఎవరో కట్టించిన రామమందిరం గోడపై దాత పేరు — ఇటువంటివే.

ఊరు చేరిన తరువాత

పాసులో ఊరి పేరు దొరికినంతనే పని పూర్తి కాదు. ఉత్తరాదిన గయ, హరిద్వారం వంటి క్షేత్రాలలోని పండాలు తమ వద్దకు వచ్చిన యాత్రికుల వంశావళులను తరతరాలుగా బహీలలో వ్రాసి ఉంచినారు. బీహారు, ఉత్తరప్రదేశ్ మూలాలు గల కుటుంబాలకు అవి అక్కరకు వస్తవి. ట్రినిడాడ్ ప్రధానమంత్రి కమలా ప్రసాద్ బిసేసర్ 2012 జనవరిలో బీహారులోని బక్సర్ జిల్లా భేల్‌పూర్‌కు వచ్చి తన ముత్తాత విడిచివెళ్లిన ఊరిని చూచినారు. ఆమె వంటి ప్రముఖులకు ప్రభుత్వాల సహాయం లభిస్తుంది. సామాన్యులు తామే తిరగాలి.

తెలుగు జిల్లాలలో అటువంటి బహీలు సామాన్యంగా లేవు. రైత్వారీ గ్రామాలలో పాత సెటిల్మెంటు రిజిస్టర్లలో పట్టాదారుల పేర్లు దొరకవచ్చు. విశాఖపట్నం ప్రాంతంలో పెద్దభాగం జమీందారీ. 1948 నాటి ఎస్టేట్ల రద్దు చట్టం వచ్చే వరకు అక్కడి రైతుల పేర్లు జమీందారు కచేరీ లెక్కలలోనే ఉండేవి. వలస వెళ్లినవారిలో భూమి లేనివారే హెచ్చు కనుక వారి పేర్లు ఆ లెక్కలలో కూడా కనిపించడం అరుదు. అక్కడ పాసులోని 'సమీప బంధువు' గడి, ఇంటిపేరు, కులదేవత, గ్రామదేవత పండుగ తీరు — ఇవే ఆనవాళ్లు. కులం గడిలో వ్రాసినది సరిగా ఉండకపోవచ్చునని కూడా మరువరాదు. ఉద్యోగం దొరకదేమోనని కొందరు, కొత్త జీవితం కావాలని కొందరు తమ పేరును, కులాన్ని మార్చి చెప్పుకొన్నారు.

అనుకోకుండా విదేశం నుండి ఒక కుటుంబం వచ్చి 'మేము మీవాళ్లం' అని చెప్పినప్పుడు ఊళ్లోవారు మొదట జంకడం సహజం. పొలంలో వాటా అడగడానికి వచ్చినారేమోనన్న అనుమానం ఉత్తరాదిన, దక్షిణాదిన ఒకే విధంగా ఎదురవుతున్నది. వచ్చినవారు ఆ విషయాన్ని మొదటి మాటలోనే తేల్చి చెప్పి, పాసు నకలును చూపించి, పెద్దలను కూర్చోబెట్టి అడిగితే దారి సుగమం అవుతుంది.

భారత ప్రభుత్వం ఈ అన్వేషణకు తోడ్పడడానికి 2008లో 'మూలాల అన్వేషణ' పథకాన్ని ప్రవేశపెట్టినది. ప్రవాస భారతీయ వ్యవహారాల మంత్రిత్వశాఖ 2016లో విదేశాంగ శాఖలో విలీనమైనది. ఈ రికార్డులకు ఇటీవలి సంవత్సరాలలో మరొక ప్రాముఖ్యం ఏర్పడినది. ప్రవాస భారత పౌరసత్వపు కార్డు సాధారణంగా మునిమనుమల తరం వరకే లభిస్తుంది. 1880లో వెళ్లినవాని సంతతి నేడు ఐదారు తరాలు దాటినది. సురినామ్‌లోని భారత సంతతికి ఆరవ తరం వరకు ఈ అవకాశాన్ని విస్తరిస్తున్నట్లు 2023లోను, మారిషస్ వారికి ఏడవ తరం వరకు విస్తరిస్తున్నట్లు 2024లోను, ట్రినిడాడ్ వారికి ఆరవ తరం వరకు విస్తరిస్తున్నట్లు 2025లోను ప్రకటింపబడినది. ఏ తరమైనా, దానిని నిరూపించవలసినది జనన, వివాహ పత్రాల గొలుసుతోనే. తండ్రి పేరు లేని ఒక గడి ఆ గొలుసును తెంపగలదు. అందువలననే నూరేళ్ల క్రిందటి చట్టపు లోపాన్ని సవరించడానికి నేటి మునిమనుమలు దేవాలయ రసీదులను, పాఠశాల రిజిస్టర్లను, మరణ ప్రకటనలను ప్రోగుచేస్తున్నారు.

మన వైపు నుండి వెదికేవారికి దారి తలక్రిందులుగా ఉంటుంది. వెళ్లినవాని పేరు, తండ్రి పేరు, ఊరు, సుమారైన సంవత్సరం తెలిస్తే ఓడల జాబితాతో మొదలుపెట్టి, సంఖ్యను పట్టుకొని, అక్కడి వివాహ, జనన రిజిస్టర్ల మీదుగా నేటి వరకు రావాలి. నేటాల్‌కు 1866-1874 మధ్య వలసలు నిలిచి ఉన్నవి కనుక ఆ సంవత్సరాలను విడిచిపెట్టవచ్చు. ఫిజీకి చెన్నపట్నం నుండి 1903కు ముందు ఓడలు లేవు. వెళ్లిన ప్రతివాడూ అక్కడే ఉండిపోయినాడని కూడా అనుకోరాదు. సురినామ్ వెళ్లినవారిలో సుమారు మూడోవంతు మంది గడువు ముగిసిన తరువాత తిరిగి ఓడ ఎక్కినారు. కొందరు కలకత్తా వరకు వచ్చి, ఊరు తమను స్వీకరించక, అక్కడి మటియాబుర్జ్ పేటలోనే గుడిసెలు వేసుకొని, మరల వెనుకకు పంపమని ప్రభుత్వానికి అర్జీలు పెట్టుకొన్నారు. అందుచేత ఆవలి దేశపు వివాహ రిజిస్టరులో గాని, మరణ రిజిస్టరులో గాని పేరు కనబడకపోతే, వలస రిజిస్టరు చివర ఉండే 'తిరుగు ప్రయాణం' గడిని ఒకసారి చూడవలసి ఉంటుంది.